పుల్లయ్య తాగలేదు

కల్లూరు దగ్గర బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసే రంపం తగిలి పుల్లయ్య చెయ్యి తెగింది. రంపం మీది మూత ఊడిపోయి శానా రోజులైనా యజమాని వేణుగోపాల్ దాన్ని బిగించలేదు. పక్కనే పనిచేస్తున్న దీనమ్మ అంతా కళ్లారా చూసింది.

"వాడు తాగొచ్చినాడని పోలీసులకు చెప్పు, చాలు" అన్నాడు వేణుగోపాల్.

"ఆయప్ప తాగలేదు సార్. నేను చెప్పను."

సాయంత్రం దీనమ్మ వెళ్లే చర్చి పాస్టరే ఆమె ఇంటికొచ్చాడు. చర్చికి రేకుల కప్పు వేయించింది వేణుగోపాలే మరి.

"ఒక్క మాటే గదమ్మా. మనకు సాయం చేసిన మనిషి."

దీనమ్మకు కోపమొచ్చింది. "అబద్ధ సాక్ష్యం పలకొద్దని చిన్నప్పుడు నాకు నేర్పింది మీరే గదా అయ్యగారూ! ఆ రేకులు అంత బరువైతే పీకి ఆయనకే ఇచ్చేయండి. ఎండలో కూర్చోని ప్రార్థన చేసుకుందాం. ఈ సీమలో మనకు ఎండేమన్నా కొత్తనా?"

పాస్టరు వెళ్లిపోయాడు. మరునాడు ఆమె పోలీస్ స్టేషన్‌లో చూసింది చూసినట్టు చెప్పింది. ఆ పూటే పని పోయింది.

ఆదివారం చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. దీనమ్మ లేచి ముందు వరుసలోకి వెళ్లింది. పాస్టరు తలెత్తకుండా పాటల పుస్తకం తిప్పుతుంటే పాట తనే ఎత్తుకుంది, గోడలు అదిరేలా. అంతలో పుల్లయ్య భార్య గురమ్మ లోపలికి వచ్చింది. ఏనాడూ చర్చి గడప తొక్కని ఆ మనిషి నేరుగా వచ్చి దీనమ్మను ఆనుకుని కూర్చుంది. ఆమెకు పాట రాదు. అయినా చివరిదాకా లేవలేదు.