కళావరు రెండు

"ముక్కలు ముందే చూసుకుని ఆరు ఇస్పేట్లు పాడేరండీ! లేపోతే మీకింత ధైర్యం ఎక్కణ్ణించొచ్చిందండీ?"

బంగారరాజు బల్ల గుద్దేసరికి టీ గ్లాసులు గలగలమన్నాయి. నూకరాజు మాస్టారి చేతిలో పేకముక్కలు కదల్లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అమలాపురం క్లబ్బులో బ్రిడ్జి పోటీ. ఫైనల్లో ఆఖరి ఆట నడుస్తోంది. మాస్టారి జోడీ తాతారావు, క్లబ్బు సెక్రటరీ. ఈ ఆటకి డమ్మీ. ఇందాక తన ముక్కలు మాస్టారు ఆడుకోవడానికి బల్లమీద పరిచేసి, తోచక, ఆ ఆట కవరు తిరగేసి చూశాడు. నిన్న మధ్యాహ్నం ఆటకో కవరు చొప్పున నాలుగు చేతులూ బోర్లా పంచి, కవర్లన్నీ మైదా జిగురుతో అంటించి బీరువాలో పెట్టింది తనే. ఈ కవరుకి మాత్రం అన్నం మెతుకులున్నాయి. ఎవరో విప్పి చూసి మళ్ళీ అంటించారని అక్కడే పైకి అనేశాడు.

బీరువా తాళం మాస్టారి దగ్గర ఉంటుంది.

"నిన్న సాయంత్రం తాళం ఇద్దరు పట్టికెళ్ళేరండీ," అన్నాడు మాస్టారు. "పాత పేకలకని మీరు. స్కోరు కాగితాలకని సూర్యారావుగారు."

"నామీదకి తోసేస్తారా? రొయ్యల చెరువులు నలభై ఎకరాలున్నోణ్ణి, కవర్లు విప్పుతానా? ఇందుకేనండీ, మీవాళ్ళకి మెంబర్షిప్పు వద్దని ఆరోజే మొత్తుకున్నాను!"

మీవాళ్ళు. పదకొండేళ్ళు హెడ్మాస్టరుగా చేసి, మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే, ఊరవతల పేటలో పుట్టినవాడికి ఈ క్లబ్బులో మొదటిసారి కుర్చీ దొరికింది. ఇప్పుడు దొంగ అనిపించుకుని లేస్తే, ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వరు.

"పోనిద్దురూ రాజుగారూ," అన్నాడు ఆయన జోడీ, లాయరు సూర్యారావు మెత్తగా. "మాస్టారు పెద్దవారు. రాజీనామా రాసిచ్చేసి గౌరవంగా వెళ్ళిపోతారు. ఆయ్."

"ఆట అవనివ్వండి. తర్వాత కమిటీ తేలుస్తుంది," అన్నాడు తాతారావు. మాస్టారి మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆ తల తిప్పుకోవడం చూసి మాస్టారికి ఒళ్ళు మండింది. బంగారరాజు నోట్లో ఈ కవరు కుక్కాలనిపించింది. దొంగ వీడే అయితే ఎంత బాగుండు! పళ్ళు బిగబట్టి బల్లకేసి చూశాడు.

ఆరు ఇస్పేట్లంటే పదమూడు పట్లలో పన్నెండు రావాలి. ఒకటి అప్పుడే పోయింది. సూర్యారావు మొదటి ముక్కగా కళావరు రెండు వేశాడు. బంగారరాజు చేతిలో కళావర్లే లేవు, తురుఫైన ఇస్పేటు రెండుతో కోసేశాడు. తర్వాత ఆఠీను పది వేస్తే మాస్టారు ఆసుతో పట్టాడు. ఇక ఒక్క పట్టు కూడా పోకూడదు. బయట మూడు తురుఫులున్నాయి. అందులో క్వీను ఉంది. మూడూ ఒకచోటే ఉంటే, ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే తేల్చుకోవాలి. బంగారరాజు దగ్గరైతే ముందు డమ్మీలో కింగు వెయ్యాలి. సూర్యారావు దగ్గరైతే ముందు చేతిలో ఆసు.

కళావర్లు లేనివాడి దగ్గర తురుఫులు ఎక్కువుంటాయి. పుస్తకం లెక్క ప్రకారం కింగే.

మాస్టారి వేలు డమ్మీలోని కింగు దాకా వెళ్ళి ఆగింది.

ఆఠీను పది. అంతకంటే పెద్దవుంటే బంగారరాజు పది వెయ్యడు. డమ్మీలో చిన్నవే. అంటే కింగు, క్వీను, జాకీ మూడూ సూర్యారావు దగ్గరే! అంత వరస చేతిలో పెట్టుకుని, పాటలో ఎవరూ పేరెత్తని కళావరు ఎందుకు వేశాడు?

కోపం ఒక్కసారిగా దారి మార్చుకుంది.

మాస్టారు ముక్కలు బోర్లా పెట్టాడు. "తాతారావుగారూ, ఈ ముక్క వేసేక దొంగనంటారు. అందుకే ముందు చెప్పి వేస్తాను. తురుఫు క్వీను సూర్యారావుగారి దగ్గరుంది. మిగిలిన మూడూ ఆయన దగ్గరే."

"చూసేరా! ఒప్పేసుకున్నాడు!" బంగారరాజు లేచాడు.

"కూర్చోండి!" ఇరవైయేళ్ళు క్లాసుల్ని అణిచిన గొంతు. బంగారరాజు కూర్చున్నాడు. "ఆయన మొదట ఆఠీను వేస్తే నాకు పన్నెండు పట్లు తేలిగ్గా వచ్చేస్తాయి. నా చేతిలో ఆఠీను ఒక్కటే. ఆట పోవాలంటే ఒక కోత, ఒక క్వీను కలవాలి. ఆ సంగతి నాలుగు చేతులూ చూసినోడికే తెలుస్తుంది. కోత చూసి నేను క్వీనుని రాజుగారి దగ్గర వెతుకుతానని ఆయన లెక్క."

ఆసు వేశాడు. బంగారరాజు దగ్గర తురుఫు లేదు, డైమను పారేశాడు. సూర్యారావు చిన్న తురుఫు ఇచ్చాడు. మాస్టారు ఇంకోటి నడిపి డమ్మీలో పదితో పట్టి, కింగు కొట్టాడు. దానికింద సూర్యారావు క్వీను పడింది.

"మిగతావన్నీ నావే." ముక్కలు పరిచేశాడు. పన్నెండు.

"ఏదో ఊహించేనండీ," అంటూ సూర్యారావు తన ముక్కలు కవర్లోకి తోయబోయాడు. బంగారరాజు ఆ చెయ్యి పట్టుకుని ముక్కలు లాక్కుని తిరగేశాడు. ఆఠీను కింగు, క్వీను, జాకీ వరసగా నవ్వుతున్నాయి.

"ఇవి పెట్టుకుని కళావరు వేసేవేంట్రా?"

సూర్యారావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు.

తాతారావు అడ్డొచ్చాడు. "కమిటీలో మెల్లగా..."

"కమిటీ కాదండీ, ఇక్కడే." మాస్టారు లేచి నించున్నాడు. "నా పేరైతే బల్ల గుద్ది చెప్పేరు కదండీ రాజుగారూ? ఈ పేరు కూడా అదే నోటితో చెప్పండి. వీధిలోకి వినపడాలి."

బంగారరాజు తలవంచుకున్నాడు. తర్వాత పిడికిలి బిగించి బల్ల గుద్దాడు.

"కవరు విప్పింది సూర్యారావండీ! నా జోడీ, లాయరు సూర్యారావు!"