పరీక్ష కోసం పెట్టిన నెంబరు

ఆ ఆఫీసులో ఆయనను అందరూ ముక్కల మాస్టారు అంటారు. ఏ కంప్యూటరు ప్రోగ్రాము కనబడినా దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో పని అప్పగిస్తే గానీ ఆయనకు మనసు కుదుటపడదు. ఎదురు బల్ల దగ్గర కూర్చునే 'గడ్డం' అనే అతనిది సరిగ్గా దీనికి వ్యతిరేకం. గుండెల దాకా దిగిన గడ్డం వల్ల అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. ముక్కలు చేసుకుంటూ పోతే ఏ ముక్క ఎక్కడ చచ్చిపడి ఉందో వెతకడానికే పుణ్యకాలం గడిచిపోతుందని, ప్రోగ్రామంటే ఒకే ముద్దగా ఉండాలని అతని వాదం. నాలుగేళ్లుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కాఫీ మెషీను దగ్గర మొదలైన చర్చ మీటింగు గదిలోకి, అక్కడినుంచి లిఫ్టులోకి, లిఫ్టులోంచి బళ్లు పెట్టుకునే చోటికి నడిచివెళ్లేది. కొత్తగా చేరినవాళ్లు ఏ పక్షమో తేల్చుకునే దాకా ఎవరూ వాళ్లను భోజనానికి పిలిచేవారు కాదు.

ఇంత యుద్ధమూ దేనికోసమంటే, ఒక పెద్దాసుపత్రి తరఫున రోగులకు మెసేజ్‌లు పంపడం కోసం. రేపు పది గంటలకు కంటి డాక్టరు దగ్గరికి రావాలి అని ముందు రోజు మధ్యాహ్నం రోగి ఫోనుకు ఒక మెసేజ్ వెళ్తుంది. అంతే పని. ఆ అంతేని మాస్టారు పదిహేడు ముక్కలు చేశారు. ఆ ముక్కలన్నిటినీ నడిపే భాగాన్ని గడ్డం ఒకే ముద్దగా ఉంచాడు.

అయితే ఈ మధ్య ఒక విశేషం బయటపడింది. మెసేజ్‌ల పద్ధతి మొదలైన నాలుగేళ్లలో, చెప్పిన రోజుకు రాకుండా ఎగ్గొట్టే రోగులు బాగా తగ్గిపోయారు. వేరే ఆసుపత్రులు కూడా ఇలాంటి మెసేజ్‌లే పంపుతున్నాయి, అక్కడ మాత్రం ఇంతగా తగ్గలేదు. ఇందులో కిటుకేమిటో తెలుసుకోవడానికి ఆసుపత్రి తరఫున ఒక అధికారిణి శుక్రవారం వస్తోంది. కారణం ఎవరి డిజైనైతే వాళ్లకే చీఫ్ ఆర్కిటెక్టు పదవి అని మేనేజరు ప్రకటించాడు. పదవితోపాటు ఒక గది, ఆ గదికి తలుపు. అరవై మంది ఒకే హాల్లో ఒకరి తుమ్ము ఒకరు వింటూ పనిచేసే చోట తలుపంటే మాటలా. మాస్టారు ఆ తలుపు వేసుకుని లోపల కూర్చున్నట్టు పగటి కలలు కన్నారు.

శుక్రవారానికి మూడు వారాల ముందు గడ్డం పాత ప్రోగ్రాములో శుభ్రత కార్యక్రమం పెట్టుకున్నాడు. ఒకచోట ఎవరో ఫోను నెంబరును అంకెల్లోనే నేరుగా రాసి వదిలేశారు. ఎవరిదో, ఎందుకో ఒక్క ముక్క వివరణ లేదు. అలా రాయడం ఈ వృత్తిలో మహాపాపం. గడ్డం దాన్ని పీకేశాడు. ఏ మార్పునైనా ఇద్దరు చూసి ఒప్పుకోవాలని ఆఫీసు నియమం. ఆ ఇద్దరిలో మాస్టారు ఒకరు. అదే మార్పులో గడ్డం ఒక భాగానికి కొత్త పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత దరిద్రంగా ఉందో వివరిస్తూ మాస్టారు నలభై ఒక్క వ్యాఖ్యలు రాశారు. రెండు రోజులు కొట్టుకున్నారు. నెంబరు సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

మరుసటి వారం నుంచి రోగులు ఎగ్గొట్టడం మళ్లీ మొదలైంది. రోజుకు పది మంది, పన్నెండు మంది. ముక్కల వల్లేనని గడ్డం, ముద్ద వల్లేనని మాస్టారు పటాలు గీసి మరీ నిరూపించారు. ఇద్దరి పటాలూ ముద్దొచ్చేలా ఉన్నాయి. రోగులు మాత్రం రాలేదు.

ఇంట్లోనూ ఏదో తేడాగా ఉంది. మాస్టారి అత్తగారు ఐదేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. ఈ మూడు వారాలుగా ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతున్నారు. ఫోను పాడైందేమో చూడమని రెండుసార్లు అడిగారు. మాస్టారు శుక్రవారం చూపించాల్సిన స్లైడు మీంచి తల ఎత్తకుండా, ఆపేసి మళ్లీ ఆన్ చేయండి అన్నారు. ఊరందరికీ ఆయన చెప్పే వైద్యం అదే. పాపం ఆవిడ రోజుకు ఏడెనిమిది సార్లు ఆపి ఆన్ చేస్తూనే ఉన్నారు. అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదని భార్య చెబితే, శుక్రవారం అవనీ డాక్టరుకు చూపిద్దాం అన్నారు.

గురువారం సాయంత్రం ఇంట్లో అత్తగారే ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చేతిలో అట్ట చిరిగిన లావుపాటి నోటు పుస్తకం.

"బాబూ, నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా? నా చోట ఇంకెవరినైనా పెట్టుకున్నారా?"

"ఏ చోట అత్తయ్యగారూ?" అన్నారు మాస్టారు, ఇంకా స్లైడు వంకే చూస్తూ.

ఆవిడ పుస్తకం తెరిచి ముందు పెట్టారు. తేదీలు, పేర్లు, వేళలు, పక్కన ఫోను నెంబర్లు. మధ్యమధ్య గుండ్రటి అక్షరాలతో చిన్న మాటలు. ఈయనకు ఎడమ చెవి వినపడదు, గట్టిగా చెప్పాలి. ఈవిడ మెట్లెక్కలేదు, వెనకవైపు లిఫ్టు ఉందని చెప్పాలి. రక్తపరీక్షకు ఏమీ తినకుండా వెళ్లాలి, పొద్దున్నే ఇంకోసారి గుర్తు చేయాలి. ఈయనకు డాక్టరంటే భయం, కాసేపు మాట్లాడితే ఒప్పుకుంటాడు.

మాస్టారు పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పారు. నాలుగేళ్ల కిందట కాలు బెణికి ఇంట్లో కూర్చుని ఈ ప్రోగ్రాము రాసిన రోజు గుర్తొచ్చింది. చేరని మెసేజ్‌లు ఒకచోటికి రావాలి, పరీక్షించడానికి ఏదో ఒక ఫోను కావాలి. తన ఫోను చార్జింగులో ఉంది, అత్తగారిది బల్ల మీద ఉంది. ఆ నెంబరు రాసేశారు. వచ్చిందా అత్తయ్యగారూ అని అడిగితే, వచ్చింది బాబూ అన్నారావిడ. రేపు తీసేద్దాం అనుకున్నారు. ఈ వృత్తిలో రేపు అంటే ఎప్పుడో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు. పోనీ, నెంబరు చూసినప్పుడైనా పోల్చుకోవాలి కదా. ఆయన ఫోనులో అది అంకెలుగా ఎప్పుడూ కనబడలేదు, అత్తయ్యగారు అనే కనబడింది.

ఆవిడ మిగిలిన కథ చెప్పారు. మొబైలు లేక, ఇంటి ఫోను నెంబరే ఇచ్చిన ముసలివాళ్లకు మెసేజ్ చేరదు. అది పేరూ వేళా నెంబరుతో సహా ఆవిడకు వచ్చేది. మొదటి వారం ఊరుకుని, ఎనిమిదో రోజు ఒక నెంబరుకు చేశారు. అవతల ఒక పెద్దాయన, నాకెవరూ చెప్పలేదమ్మా, ఇప్పటికి రెండుసార్లు రోజు దాటిపోయింది అని వాపోయాడు. అంతే, ఆనాటి నుంచి ప్రతి మధ్యాహ్నం కూర్చుని, వచ్చిన అందరికీ ఫోన్లు చేస్తున్నారు. కూతురు ఉద్యోగం నుంచి వచ్చేసరికి పని ముగించేస్తారు గనుక ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?"

"మీకు చెప్పేదేముంది బాబూ, ఇచ్చింది మీరేగా. ఊరికే కూర్చుని ఉన్నానని నాకో పని చూపించారనుకున్నాను."

మాస్టారికి సిగ్గేసింది. అంత సిగ్గు ఆయనకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు. ఆ సిగ్గులోనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రేపు పదిహేడు ముక్కల గురించి చెప్పేసి, ఎల్లుండి ఆ నెంబరును గుట్టుగా ఎక్కడో ఇరికిస్తే ఇటు గదీ వస్తుంది, అటు అత్తగారికి పనీ వస్తుంది. అబద్ధం ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. దాదాపు మూసుకుందామనే అనుకున్నారు. కానీ పుస్తకం చివరి పేజీలో మూడు వారాల తేదీలు వరసగా రాసి, వాటి ఎదురుగా ఏమీ లేకుండా వదిలేసి ఉంది. దాన్ని చూశాక స్లైడ్లు ముందుకు కదల్లేదు.

శుక్రవారం ముందు గడ్డం మాట్లాడాడు. ఎగ్గొట్టే రోగులు తగ్గడానికి కారణం ముద్దేనని ముప్పై ఆరు స్లైడ్లలో రుజువు చేశాడు. తరవాత మాస్టారు లేచి, తన మొదటి స్లైడు తెరిచి, మూసేసి, బల్ల మీద నోటు పుస్తకం పెట్టారు. కారణం ముక్కలూ కాదు ముద్దా కాదు, మా అత్తగారు అని జరిగింది జరిగినట్టు చెప్పారు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రోగుల వివరాలు బయటి మనిషి ఫోనుకు వెళ్లాయా అని నీళ్లు నమిలాడు. దీన్ని ఇంతటితో మరిచిపోయి, అటువంటి ఫోన్లు చేసే యంత్రాన్ని రెండు నెలల్లో తయారు చేద్దామన్నాడు. అందుకు మాత్రం రెండు పక్షాలూ తలలూపాయి, ఆ యంత్రం ముక్కలుగా ఉండాలా ముద్దగా ఉండాలా అన్న చర్చ అప్పుడే మొదలుపెట్టాయి.

అధికారిణి ఆ మాటలేవీ వినలేదు. పుస్తకం పేజీలు ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంది. చదవడం అయ్యాక, పాత సంగతి తాను ఆసుపత్రిలో చెప్పుకుంటానని, ఇకమీదట ఆవిడను పద్ధతి ప్రకారం తమ మనిషిగా తీసుకుంటామని చెప్పింది.

"సోమవారానికల్లా ఆ నెంబరు తిరిగి పెట్టగలరా?" అని అడిగింది.

పెట్టగలం అన్నారు మాస్టారు. ఏ పనికైనా కనీసం మూడు వారాలు అడగకుండా ఆయన ఒప్పుకోవడం ఆఫీసులో ఎవరూ ఎరగరు. చీఫ్ ఆర్కిటెక్టు పదవి ఎవరికీ దక్కలేదు. తలుపున్న గదిలో విరిగిన కుర్చీలు పెట్టారు.

సోమవారం పొద్దున్నే మాస్టారు ఆ నెంబరున్న ఒక్క వరసను ప్రోగ్రాములో తిరిగి రాశారు. ఈసారి ఎవరి నెంబరో, ఎందుకో వివరణతో సహా. ఇద్దరు చూసి ఒప్పుకోవాలి. ఒకరు ఒప్పుకున్నారు, రెండోవాడు గడ్డం. నేరుగా అంకెలు రాసినందుకు చీల్చి చెండాడతాడని తెలిసి మాస్టారు జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. భోజనాల వేళ దాటాక వ్యాఖ్య వచ్చింది.

"మొత్తం పని ఒక్క మనిషి మీద పెట్టడం డిజైన్ లోపం. రేపు ఆవిడకు ఒంట్లో బాగోకపోతే ఏంటి గతి? కింద ఇంకో నెంబరు చేర్చాను, మా అమ్మది. ఆసుపత్రివాళ్లను అడిగాను, సరేనన్నారు. నేను ఇంటికొచ్చేదాకా రోజంతా అమ్మ ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటుంది."

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. ఎదురు బల్ల వైపు చూస్తే గడ్డం స్క్రీనులోకి తల దూర్చుకుని ఉన్నాడు. అతను చేర్చిన వరస అక్కడ కాదు, వేరే ముక్కలో ఉండాలి. మాస్టారు ఆ మాట రాయకుండా ఒప్పుకున్నట్టు నొక్కేశారు.