పైన ఉన్న చిన్న అక్షరం

నేను ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ని. పెరిగింది చీరాల దగ్గర ఓ పాలిటెక్నిక్‌లో. సివిల్ డిప్లొమా చదివిన మరియకుమారి మూడేళ్ళూ నన్ను వెంటేసుకుని పొలంగట్ల మీద సర్వేలు చేసింది. కోణాలన్నీ డిగ్రీల్లోనే. ఒక్కసారి తప్పు చెప్పి ఉంటే ఒట్టు!

తర్వాత లేటరల్ ఎంట్రీలో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏట చేరింది. అక్కడి మనుషుల లెక్కే వేరు. హాజరులో ఎంసెట్ వాళ్ళందరూ అయ్యాక డిప్లొమా వాళ్ళ పేర్లు పిలిచేవారు. అప్పటికి సగం క్లాసు కబుర్లలో పడేది. ర్యాంకెంతని అడిగేవారు, ఆ వెంటనే ఊళ్ళో ఇల్లు ఎటువైపని అడిగేవారు. తెలిశాక మళ్ళీ పలకరించేవారు కాదు. ర్యాంకుకీ ఇంటికీ లంకె ఏమిటో, నాకు అంతుపట్టని లెక్క అదొక్కటే.

మొదటి మిడ్ పరీక్షలో మరియ లెక్కలు తప్పింది. పద్ధతంతా సరిగ్గానే ఉంది, 0.739 రావలసిన చోట 0.9998 వచ్చింది. లెక్చరర్ పేపరు బల్లమీద పడేసి, "డిప్లొమా వాళ్ళకి బేస్ ఉండదమ్మా, ఏం చేస్తాం" అన్నాడు. ఈ పిచ్చిది నమ్మేసింది! నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో మిడ్ కూడా పోతే టీసీ తీసుకుని రోడ్డు కాంట్రాక్టరు దగ్గర పనిలో చేరతానని ఇంటికి ఫోన్ చేసి చెప్పింది.

సంగతి విని, డిప్లొమా నుంచే వచ్చి పై ఏడాది చదువుతున్న సువార్త గదికొచ్చింది. అదే లెక్క తన ముందు చేయించి, నన్ను లాక్కుంది.

"ఏందే ఇది? తెర పైన 'డి' ఉంది చూడు."

"ఎప్పుడూ అదే ఉంటదిగా అక్కా."

"సర్వేకి డిగ్రీలు. ఈ లెక్కకి కోణం రేడియన్లలో కావాలే! నేనూ నిరుడు ఇట్టాగే చచ్చా. 'ఆర్'కి మార్చు."

మార్చి నొక్కింది. దర్జాగా 0.739 చూపించాను. ఈ ముక్క మిగతావాళ్ళకు మొదటి ఏడాదే చెప్పారట. ఆ ఏడాది వీళ్ళు అక్కడ లేరు.

"అయితే నా బుర్ర బానే ఉందా అక్కా?" అంది మరియ.

రెండో మిడ్ పేపరిస్తూ లెక్చరర్, "పర్లేదే, బేస్ బాగానే పట్టావు" అన్నాడు.

మరియ లేచి నిలబడింది. "బేస్ ముందే ఉంది సార్. మొదటి ఏడాది మీరు చెప్పింది మాకెవరూ చెప్పలేదు, అంతే."

కబుర్లు ఆగిపోయాయి.

మరియ ఇప్పుడు ఇంజినీరు. నా అంకెలు అరిగాయి గానీ లెక్క అరగలేదు. కాలేజీ వదిలి వెళ్ళేముందు ఆ అక్షరం కనబడే చోటి పక్కనే ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి, కొత్తగా చేరిన డిప్లొమా అమ్మాయి చేతిలో నన్ను పెట్టింది.

"తప్పొస్తే ముందు ఇక్కడ చూడవే. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆ తర్వాత."