ఔటర్ సిగ్నల్ దగ్గర పొగ

నేను ఒక పొగడబ్బీని. బొమ్మ రైలింజను కడుపులో, పొగగొట్టం కింద, చిటికెన వేలంత చోటులో ఉంటాను. నాలో ఒక సన్నని తీగె, దానికి ఆనించిన వత్తి, నాలుగు చుక్కల నూనె. పట్టాల్లోంచి కరెంటు వచ్చి తీగె వేడెక్కితే నూనె పొగై పైకి పోతుంది. నా బతుకంతా ఇంతే. ఇంత చిన్న పని కూడా మనుషులు నన్ను సజావుగా చేసుకోనివ్వరు.

ఎక్కడో చలిదేశంలో పుట్టి, నెల్లూరులో ఒక పళ్ళ డాక్టరు షోకేసుకు చేరాను. ఆయనకు నేనంటే ప్రాణం. ఎంత నూనె పోస్తే అంత పొగ వస్తుందని ఆయన నమ్మకం. సిరంజితో నిండా పోసేవాడు. వత్తి మునిగిపోతే పొగెక్కడిది? పొగ రాలేదని ఇంకాస్త పోసేవాడు. ప్రేమతో ఊపిరాడకుండా చేయడం మనుషులకు బాగా అలవాటనుకుంటాను. చివరికి విసిగిపోయి, కట్టుడు పళ్ళ కోసం బిట్రగుంట నుంచి వచ్చిన రిటైర్డు రైలు డ్రైవరు దేవసహాయం చేతిలో ఇంజనుతో సహా పెట్టేశాడు.

నాకు మంచి రోజులొచ్చాయని సంబరపడ్డాను. దేవసహాయం పాత నూనె వంచేసి, దూదితో తుడిచి, ఎండలో ఆరబెట్టాడు. చుక్కలు కొలిచి వేసి, బల్ల మీద పట్టాలు పరిచి స్విచ్చి నొక్కాడు. నేను ఒళ్ళు మరిచి పొగ వదిలాను. ఆయన మొహం మాడిపోయింది.

బొగ్గింజన్ల కాలంలో నల్లపొగ కనబడితే డ్రైవరుకు తలవంపులట. బొగ్గు దండగయినట్టు లెక్క. పొగ లేకుండా బండి తోలేవాడే మొనగాడు. సర్వీసంతా ఆ పేరు కోసమే పాకులాడిన మనిషికి, పొగ కోసమే పుట్టిన నేను దొరికాను! మర్నాటి నుంచి నూనె వేయడం మానేసి నన్ను ఒట్టిగానే నడిపాడు. నా వత్తి మాడి మసయింది. అప్పుడు గర్వంగా భార్య రూతమ్మను పిలిచి చూపించాడు.

"పొగుంటేనే బాగుండింది గదయ్యా," అందామె.

"ఏంది బాగుండేది? ఊరి బయట ఔటర్ సిగ్నల్ కాడ దినామూ పొగ లేపతన్నాడనే గదా, ఆ మస్తాన్ మీద రిపోర్టు రాసింది!"

మస్తాన్ ఆయన ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆ రిపోర్టు వల్ల డ్రైవరు కావలసినవాడు కాకుండానే రిటైరయ్యాడు. ఇద్దరివీ పక్క పక్క వీధులే, మాటలు మాత్రం లేవు.

రూతమ్మ చేతిలోని చాట కింద పెట్టేసింది. "దానికా రాసినావు? ఆ పొగ లేపమనింది నేనయ్యా! ఔటర్ కాడ పొగ కనబడితే ఎసట్లో బియ్యం పోసుకుంటా, మస్తానన్నా, అని ఆయన్ని అడిగినా. నువ్వు ఒక్కనాడన్నా చల్లన్నం తిన్నావా? ఆయన నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. డ్రైవరు భార్య మాట ఆఫీసు దాకా పోకూడదని మస్తాన్ నోరు మూసుకుని శిక్ష భరించాడు.

దేవసహాయం ఆ పూట భోజనానికి లేవలేదు. తెల్లారేసరికి నా ముందు కూచున్నాడు. ఇప్పుడు ఆయనకు పొగ కావాలి, నేనేమో మాడిపోయి ఉన్నాను. ఆయన అన్నం మానేసి ఉండకపోతే కడుపుబ్బ నవ్వుకునేవాణ్ణి. సూదితో మసి గీకాడు. కొత్త వత్తి దూర్చాడు. అది తీగెకు తగలక పొగ రాలేదు. విప్పి మళ్ళీ దూర్చాడు. ఈసారి వచ్చింది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

రూతమ్మ వెళ్ళి మస్తాన్‌ను పిలుచుకొచ్చింది. ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు. దేవసహాయం స్విచ్చి నొక్కాడు. ఇంజను బల్లంతా తిరిగింది, నేను నా శక్తికొద్దీ పొగ వదిలాను.

"ఈసారి ఎవురి మీద రాస్తా ఉండారు, డ్రైవరుగారూ?" అన్నాడు మస్తాన్.

"నా మీదే రాయాల. నీ నోటికాడి కూడు తీసేసినా మస్తానూ, తెలవక."

మస్తాన్ పొగ వంక చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.