మాత్రలు అలవాటైపోతాయట

ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏది కనబడినా ఇంటాయన లామినేషన్ చేయించేస్తాడు. పెళ్ళి శుభలేఖ, ఫ్రిజ్ గ్యారంటీ కార్డు, కొడుకు ఒకటో తరగతిలో పరుగుపందెం గెలిచిన సర్టిఫికెట్. నాలుగేళ్ళ కిందట పిల్లల డాక్టరమ్మ రాసిచ్చిన మందుల చీటీకీ ఆ భాగ్యం దక్కింది. లామినేషనైంది, ఫైల్లోకెక్కింది. మందులు మాత్రం కొనలేదు.

"మాత్రలు అలవాటైపోతాయే. వీడికి రోగమూ లేదు రొష్టూ లేదు, ఒళ్ళు వంగదంతే" అన్నాడు.

ఇల్లాలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. చుట్టాలకి తెలిస్తే పిచ్చి మాత్రలంటారని ఆవిడ భయం. అందుకని సరేనంది. మాత్రల బదులు గోడమీదకి టైంటేబుల్ వచ్చింది. ఐదింటికి నిద్ర లేవడం, ఐదుంపావుకి ఏకాగ్రత.

పోయిన వారం, పదహారేళ్ళ కొడుకు కాలేజీ బాత్రూంలో గంజాయి సిగరెట్టుతో దొరికాడు. డాక్టరు దగ్గర్నించి ఉత్తరం తెస్తేనే మళ్ళీ క్లాసుకి రానిస్తానంది ప్రిన్సిపాల్. చుట్టాలకి టైఫాయిడ్ అని చెప్పారు. మేనత్త రోజూ ఫోన్ చేసి జ్వరమెంత అని అడుగుతోంది. ఇంటాయన పాయింట్లతో సహా చెబుతున్నాడు.

ఊరికి అటు చివర, తెలిసిన మొహం తగలని చోట ఒక కొత్త డాక్టర్ని వెతికి పట్టుకున్నారు.

"బాబుకి ధ్యాస నిలవట్లేదని ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?" అని అడిగాడు డాక్టరు.

"అబ్బే, లేదండీ. బంగారంలాంటి పిల్లాడు. స్నేహాలు చెడగొట్టాయి. తమరు ఏ సమస్యా లేదని రెండు ముక్కలు రాసిస్తే..." ఇంటాయన పెన్ను కూడా తీసి అందించాడు.

డాక్టరు పిల్లాడి వైపు తిరిగాడు. "ఎందుకు మొదలెట్టావు నాన్నా?"

వాడు కుర్చీ చిరుగులోంచి స్పాంజి గిల్లుతున్నాడు. "అది తాగితే పేజీ చివరిదాకా వెళ్ళగలిగినట్టుండేది సర్. తర్వాత ఏం చదివానో గుర్తుండదు. ఇప్పుడైతే అది లేకుండా పుస్తకమే తెరవలేను."

"విన్నారా, పేజీకో సిగరెట్టట" అని ఇంటాయన నవ్వాడు. "డిగ్రీ అయ్యేసరికి గంజాయి తోటలే ఖాళీ చేస్తాడు."

ఆ నవ్వుకి ఇల్లాలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూపించాం డాక్టరుగారూ. నాలుగేళ్ళ కిందటే. ఏడీహెచ్‌డీ అన్నారు, ధ్యాస నిలవని జబ్బట. మాత్రలు రాశారు. మేం కొనలేదు."

"ఏమే, నీకేమైనా..."

"అలవాటవుతాయన్నారుగా. మీ ముక్కుమీద కళ్ళజోడు ఇరవై ఏళ్ళుగా ఉంది. నా చేత్తోనే బిగించాను. తీసేయండి, అలవాటైపోతుందని ఏనాడైనా అన్నానా?"

డాక్టరు పెన్ను తిరిగి ఇచ్చేశాడు. "మీలా భయపడేవాళ్ళని చాలామందిని చూశాను. వైద్యం అందని పిల్లలే ఎక్కువగా ఇలాంటి వాటి జోలికి పోతారండీ. సరిగ్గా వాడితే ఆ మందుల వల్ల వ్యసనం రాదు. ఇప్పుడిక రెండింటికీ వైద్యం చెయ్యాలి."

పిల్లాడు స్పాంజి గిల్లడం ఆపేశాడు.

"నాకో జబ్బుందని మీకు ముందే తెలుసా? అమ్మా, నీకు కూడానా?"

"తెలుసురా."

"దున్నపోతు అని నాన్న తిడుతుంటే పక్కన కూర్చుని నవ్వేదానివి. నేను నిజంగానే దున్నపోతుననుకున్నా."

మొగుడి మీదకి బయల్దేరిన ఆవిడ కోపం సగం దారిలో వెనక్కి తిరిగి ఆవిడ మీదే పడింది.

"సర్, వీళ్ళని బయటికి పంపించండి" అన్నాడు వాడు.

డాక్టరు తలుపు తీసి పట్టుకున్నాడు. ఇద్దరూ వరండాలోకి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. తలుపు మూసుకుంది.

ఇంట్లో మూడో మాటకే లేచి వెళ్ళిపోయే పిల్లాడు లోపల ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. ఐదు నిమిషాలు. పది.

"అంతసేపు ఏం చెబుతున్నాడే?"

"మన గురించి."

"అయ్యో, ఉన్నవీ లేనివీ కల్పించి చెబుతాడే. నేనెళ్ళి ఒక్క మాట సర్దిచెప్పి వస్తా" అంటూ ఇంటాయన లేచాడు.

ఆవిడ తన కుర్చీని ఈడ్చి తలుపుకి ఆనించి, దాంట్లో కూర్చుంది.