అన్నో తమ్ముడో

పుష్పలీల గారు ఆ షీటుకి ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ ఇచ్చింది, అదేదో తాళపత్ర గ్రంథమైనట్టు.

"గిరిజా, నీ కొత్త క్లయింట్ మాల్టా ఆవిడ. డిమెన్షియా. నేర్చుకున్న ఇంగ్లీష్ మొత్తం పోయింది, చిన్నప్పటి మాల్టీస్ ఒక్కటే మిగిలింది. ఇదిగో, నెట్‌లో వెతికి ప్రింట్ తీశాను. ఇరవై మాటలు. రెండ్రోజుల్లో వచ్చేస్తాయిలే నీకు, టీచర్‌వి కదా."

గుడివాడలో పదకొండేళ్లు తెలుగు చెప్పిన పంతులమ్మని. ఇంగ్లీషువాళ్ల దేశంలో హేస్ అనే ఊళ్లో ముసలివాళ్లకి స్నానాలు చేయించడానికి వచ్చాను. ఆ సంగతి ఆవిడ వారానికోసారైనా గుర్తుచేస్తుంది. ఏజెన్సీలో ఎవరు ఎవరింటికెళ్లాలో రోటా వేసేది ఆవిడే కాబట్టి నేను నవ్వి ఊరుకుంటాను.

బస్సెక్కి షీటు చూస్తే ఒళ్లు మండిపోయింది. పైన గులాబీ అక్షరాలతో "మాల్టీస్‌లో ప్రేమలు, బంధాలు" అని ఉంది, పక్కన ఎర్రటి హృదయం బొమ్మ. మొదటి మాట ఇన్హొబ్బొక్. నిన్ను ప్రేమిస్తున్నాను అని. రెండోది ప్రియుడు, మూడోది ప్రియురాలు, నాలుగోది కాబోయే పెళ్లికొడుకు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషికి డైపర్ మారుస్తూ నేను వీటిలో ఏది వాడాలి? నీళ్లు అన్న మాట లేదు, నొప్పి లేదు, ఆకలి లేదు. సెలవులకి వెళ్లి ఎవరినో ఒకరిని బుట్టలో వేసుకుందామనుకునే కుర్రకారు కోసం ఎవరో రాసిపెట్టుకున్నది, ఈవిడ ఒక్క క్లిక్కుతో దించి నా మొహాన కొట్టింది.

చుట్టాలు కింద ఉన్నారు. ఒమ్మి అంటే మా అమ్మ. మిస్సీరి మా నాన్న. బింతి నా కూతురు. ఒహ్తి అంటే అక్కో చెల్లెలో వాళ్లకే తెలియాలి. హీయా అంటే అన్నో తమ్ముడో, అదీ తేల్చరు. పిన్నిని, పెద్దమ్మని, మేనత్తని కలిపి త్సీయా అని ఒకే గాటన కట్టేశారు. వరసలు తేల్చలేనిది అదేం భాష అనుకున్నాను. పొగరు నాకు మొదటినుంచీ ఉంది, దాచుకోను.

ఆవిడ పేరు చెన్సా. కాలవ పక్కన పాత ఇల్లు. పందొమ్మిదో ఏట మాల్టా నుంచి వచ్చి, ఒక ఇంగ్లీషాయన్ని చేసుకుని, ఒక కొడుకుని కని, ఆ మొగుణ్ణి సాగనంపింది. కొడుకు రేమండ్‌కి అరవై రెండు. తల్లి భాషలో ఒక్క ముక్క రాదు. "నాన్నకి ఇష్టం ఉండేది కాదు" అన్నాడు మొదటి రోజే. సరే, అప్పుడు చిన్నవాడు. నాన్న పోయి ఇరవై ఏళ్లయింది కదా, ఈ ఇరవై ఏళ్లూ ఏ నాన్న అడ్డొచ్చాడు?

ఆదివారం ఆదివారం కేక్ డబ్బా ఒకటి పట్టుకుని వస్తాడు. తల్లి ముందు వంగి "మమ్, ఆర్ యూ ఆల్‌రైట్?" అని వీధి చివరికి వినపడేలా అరుస్తాడు. ఆవిడకి చెవుడు లేదు. ఆ కార్యక్రమం అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటాడు. సెలవులకి స్పెయిన్ వెళ్తాడట. నాలుగొందల రోజులుగా ఒక్క పాఠం తప్పలేదని నాకు గొప్పగా చూపించాడు కూడా. మూడడుగుల దూరంలో తల్లి తనలో తాను మాట్లాడుకుంటుంటే, ఈయన ఫోన్‌కేసి చూస్తూ "బాబూ, రెండు కాఫీలు" అని వల్లెవేస్తుంటాడు. చెంప పగలగొట్టాలనిపించేది.

నేను అలా కాదు కదా! వారం తిరిగేసరికి ఇరవై మాటలూ కంఠతా వచ్చేశాయి. గోడ మీది ఫొటో చూపించి "ఒమ్మి?" అంటే చెన్సా మొహం విప్పారేది. నా చెయ్యి పట్టుకుని "బింతి" అనేది. కన్నకొడుక్కి చేతకానిది నాకు చేతనైందని లోపల పొంగిపోయాను.

ఇక హీయా సంగతి. తలుపు చప్పుడైతే చాలు, చెన్సా తలెత్తి "ఫెయిన్ హు హీయా?" అనేది. పోస్ట్‌మాన్ వచ్చినా, బాయిలర్ బాగుచేసే అతను వచ్చినా, ఆఖరికి రేమండ్ వచ్చినా అదే మాట. నాకు భలే ముచ్చటేసింది. మనం మాత్రం? ఆర్టీసీ కండక్టర్ అన్న, కూరగాయల బండి అతను అన్న. ఇక్కడ స్టేషన్ దగ్గర బిర్యానీ కట్టిచ్చే కుర్రాడు నాకంటే పదేళ్లు చిన్న, అయినా అన్నే. ఈవిడా మన బాపతే అనుకున్నాను. "ఫెయిన్ హు" అన్నది షీటులో లేదు. బాగున్నావా లాంటిదే ఏదో అయ్యుంటుందిలే అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఈ దేశంలో మర్యాద తెలిసిన మనిషి ఒక్కరైనా దొరికారని సంబరపడి, కేర్ నోట్స్ పుస్తకంలో గుండ్రటి చేతిరాతతో రాశాను: "వచ్చినవాళ్లందరినీ గౌరవంగా బ్రదర్ అని పలకరిస్తున్నారు. సంతోషంగా ఉన్నారు." ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే వారానికి రెండు మూడుసార్లు అదే రాసేదాన్ని.

అంతటితో ఊరుకున్నానా? ఆవిడ అలా అన్నప్పుడల్లా, వచ్చినవాణ్ణి చూపించి "హీయా! హీయా!" అని నేనూ వంత పాడేదాన్ని. ఆవిడ గభాలున అటు చూసేది. చూసి, మొహం గోడవైపు తిప్పేసుకునేది. ఆ పూట తిండి ముట్టేది కాదు. ముసలితనపు అలకలే అనుకుని "భోజనం వద్దన్నారు" అని అదీ రాశాను.

ఏప్రిల్‌లో ఒక గురువారం, కాలి పుండుకి కట్టు మార్చడానికి క్లినిక్ నుంచి కొత్త నర్సు వచ్చింది. పేరు డోరిస్. తలుపు తెరుచుకోగానే చెన్సా మామూలుగా తన మాట తను అంది. ఆ నర్సు చేతిలో బ్యాగ్ కింద పెట్టి మాల్టీస్‌లో బదులు చెప్పింది. ఆవిడదీ మాల్టానే. చెన్సా ఆమె రెండు చేతులూ పట్టేసుకుని, నేను మూడు నెలల్లో విన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు, అన్ని మాటలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది.

డోరిస్ నావైపు తిరిగింది. "ఈవిడ బ్రదర్ ఎక్కడున్నారు?"

"ఆవిడ అందరినీ అలాగే పిలుస్తారండీ," అన్నాను నేను తెలిసినదానిలా. "మా వైపు కూడా అంతే."

"పిలవట్లేదు. అడుగుతోంది. మా విస్తిన్ ఎక్కడ అని. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చేవాడట. ఇప్పుడు రోజూ వచ్చాడు వచ్చాడు అంటున్నారు, తీరా చూస్తే ఎవరో పరాయివాళ్లు అంటోంది. ఎవరు అలా చెప్తున్నది?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా నేనేం అడిగానో తెలుసా? "అన్నా, తమ్ముడా?" అని. బుర్రలో వరస తేలందే నాకు ఇంకేదీ లోపలికి పోదు మరి. డోరిస్ వింతగా చూసి, ఆవిడనే అడిగి చెప్పింది. తమ్ముడు. మూడేళ్లు చిన్న.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సిగ్గు నాలో ఎక్కువసేపు నిలవదు, వెంటనే కోపమైపోతుంది. పరాయిదాన్ని, నాకు తెలియలేదు. కన్నకొడుక్కి తెలియదా మేనమామ ఉన్నాడని? ఆ సాయంత్రమే పుష్పలీల గారికి ఫోన్ చేశాను.

"విస్తిన్ అని ఆవిడ తమ్ముడు, ఫైల్లో ఏమైనా ఉందా చూడండి మేడమ్."

"ఉంది. హౌన్స్‌లోలో ఏదో కేర్ హోమ్. అయినా అవన్నీ ఫ్యామిలీ చూసుకుంటుంది గిరిజా, నువ్వు కెలక్కు."

హౌన్స్‌లో! హేస్ నుంచి ఒక్క బస్సు. రేమండ్ స్పెయిన్ దాకా వెళ్లొస్తాడు గానీ తల్లిని హౌన్స్‌లోకి తీసుకెళ్లలేడు. ఈ ఆదివారం ఎలాగైనా ఆవిణ్ణి ఆయన కారులోనే తమ్ముడి దగ్గరికి పంపించి తీరాలి అని గట్టిగా అనుకున్నాను. అడగాల్సిన నాలుగు మాటలూ ఇంగ్లీష్‌లో మూడు రోజులు మననం చేశాను.

ఆదివారం పొద్దున్నే తలంటి పోశాను. నీలం కార్డిగన్ వేశాను. జుట్టు దువ్వుతూ, వీధివైపు చూపించి "హీయా" అన్నాను. చెన్సా నన్ను చాలాసేపు నమ్మకం లేనట్టు చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ తెమ్మని సైగ చేసి, అందులోంచి ఎండిపోయిన లిప్‌స్టిక్ తీసి, తనే రాసుకుంది.

రేమండ్ కేక్ డబ్బాతో వచ్చాడు. గుమ్మంలోనే ఆపేశాను.

"మీ మమ్ మూడు నెలలుగా తన తమ్ముణ్ణి అడుగుతోంది. నాలుగు మైళ్ల దూరంలో ఉన్నాడు. మీకు నాలుగొందల రోజుల స్పానిష్‌కి తీరిక ఉంది గానీ, దీనికి లేదా? ఇవాళ తీసుకెళ్తారా, నన్ను తీసుకెళ్లమంటారా?"

కేక్ డబ్బా మెట్టు మీద పెట్టాడు.

"అంకుల్ విస్తిన్ మార్చి ఎనిమిదిన పోయాడు" అన్నాడు.

ఆయనే చెప్పుకొచ్చాడు. "ఆయన మూడు వారాలు మంచం మీదున్నాడు. ఆయనా అక్క అక్క అనేవాడని అక్కడి వాళ్లు చెప్పారు. అమ్మని వీల్‌చైర్ టాక్సీలో తీసుకెళ్దామనుకున్నాను. కానీ అంతకుముందు తీసుకెళ్లినప్పుడు వచ్చాక రెండు రోజులు ఏడ్చింది. అందుకని మీ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను, అమ్మ ఇంకా తమ్ముడి గురించి అడుగుతోందా అని. వాళ్లు నోట్స్ చూసి చదివారు. ఎవరొచ్చినా బ్రదర్ అంటోంది, సంతోషంగా ఉంది అని. అయితే ఆయన్ని మర్చిపోయిందేమో, ఎందుకు మళ్లీ ఏడిపించడం అనుకున్నాను."

ఆ నోట్స్ ఎవరు రాశారో ఆయనకి తెలుసు. నా మొహం మీద అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. మూడు రోజులు నూరిపెట్టుకున్న కోపం, విసరడానికి మనిషి లేక, నాకే తగిలింది. ఆయన భాష నేర్చుకోలేదు, అంతే. నేను నేర్చుకుని, నాకు నచ్చిన అర్థం దానికి తగిలించి, సంతకం పెట్టి మరీ రాశాను. ఆ అక్కాతమ్ముళ్లని విడదీసింది నా గుండ్రటి చేతిరాత.

లోపల చెన్సా కోటు కోసం వెతుక్కుంటోంది.

"చెప్పాలి" అన్నాను.

"నాకు ఆ భాష రాదు" అన్నాడు రేమండ్ నేలచూపులు చూస్తూ.

డోరిస్‌కి ఫోన్ చేశాను. ఏదో పేషెంట్ ఇంట్లో ఉంది, గుసగుసగా మాట్లాడింది. ఫోన్ ఆవిడకివ్వు, నేనే చెప్తానంది. కానీ ఫోన్‌లో గొంతు వినపడితే చెన్సాకి భయం, దగ్గరికి తీసుకెళ్లగానే తోసేసింది. "సరే, నువ్వే చెప్పు" అంది డోరిస్. "హూక్ మీత్. మీ తమ్ముడు చనిపోయాడు అని." రెండే మాటలు. నాలుగుసార్లు నా చేత అనిపించి పెట్టేసింది.

చెన్సా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక చేయి అప్పటికే కోటులో దూర్చేసింది. "చెన్సా, హూక్ మీత్" అన్నాను.

అర్థం కాకపోతే బాగుండుననుకున్నాను. అర్థమైంది. దూర్చిన చేయి మెల్లగా బయటికి తీసేసుకుంది. కోటు ఒళ్లో పెట్టుకుని కాసేపు దాన్నే నిమిరింది.

తర్వాత నన్ను ఏదో అడిగింది. పొడుగాటి ప్రశ్న. అందులో హీయా ఒక్కటే నాకు తెలిసిన మాట. ఎప్పుడని అడిగిందో, ఎక్కడ పూడ్చారనో, చివర్లో తనని తలుచుకున్నాడా అనో. రేమండ్‌కేసి చూశాను. ఆయన నాకేసి చూశాడు. డోరిస్‌కి మళ్లీ చేశాను, మోగి మోగి ఆగిపోయింది.

చెన్సా అదే ప్రశ్న మళ్లీ అడిగింది, ఈసారి కొడుకుని. ఆయన "మమ్" అన్నాడు, అంతే.

మూడోసారి ఇంకా నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు అడిగింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత చేతి వెనక భాగంతో పెదాల మీద రంగు తుడిచేసుకుంది. ఇంక మమ్మల్ని ఏమీ అడగలేదు.