కాలరక్క ఆపిన మెషిను

జేబుల పిన్ని చెప్పగా వింటే, ఆ రోజు కాలరక్క కుర్చీలోంచి లేచి, పిడికిలి బిగించి, కుట్టు హాలు దద్దరిల్లేలా కేక వేసింది. సూపర్‌వైజరు గజగజ వణికిపోయాడు. పిన్ని నోట్లో పడ్డాక ఏ సంగతైనా గోరంతది కొండంత కావలసిందే లెండి.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. కాలర్లు కుట్టేది కాలరక్క. ఆమె వెనక మెషిను మీద జేబులు కుట్టేది జేబుల పిన్ని. వరసలో ఒక్కరు ఆగితే చాలు, ముందువాళ్ళకు ముక్క అందదు, వెనకవాళ్ళ దగ్గర కుప్పలు పడతాయి.

అప్పట్లో బాత్రూము తాళంచెవి సూపర్‌వైజరు జేబులో ఉండేది. అడిగినప్పుడల్లా ఇస్తే పని నడవదని మహానుభావుడి సిద్ధాంతం. నెలలు నిండుతున్న కొత్తమ్మాయి ఒకరోజు అడిగితే భోజనాల దాకా ఆగమన్నాడు. ఆ పిల్ల కన్నీళ్ళు దిగమింగుకుని వచ్చి మళ్ళీ మెషిను ముందు కూర్చుంది. కాసేపటికి కాలరక్క మెషిను ఆగింది. దాంతో వరసంతా ఆగింది. సూపర్‌వైజరు ఉరుకులు పరుగుల మీద వచ్చి ఏమైందని అడిగితే, కాలరక్క "ఆ అమ్మాయికి తాళంచెవి ఇవ్వండి" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ సాయంత్రానికి తాళంచెవి తలుపు పక్క మేకుకెక్కింది. కాలరక్కను మాత్రం చాలాకాలం కుర్చీ లేని ప్యాకింగు బల్ల దగ్గర నిలబెట్టి పగ తీర్చుకున్నారు.

ఈ కథ వింటూ పెరిగిన ఆమె కూతురు ఇప్పుడు పదో తరగతి. అన్యాయాన్ని ఎదిరించిన ధైర్యం గురించి బడిపిల్లలకు వ్యాసాల పోటీ పెడితే, తక్కినవాళ్ళంతా గొప్పగొప్పవాళ్ళను ఎంచుకున్నారు. ఈ పిల్ల వాళ్ళమ్మ మీద రాసింది. రాసి ఆఖరి మెట్టు దాకా వచ్చింది. ఇక మిగిలింది వేదిక మీద చదవడం, జడ్జీలు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం. సంగతి తెలిసిన దగ్గర్నుంచి కాలరక్క కాళ్ళు నేల మీద నిలవలేదు. కానీ రాత్రి పడుకుంటే కునుకు పట్టేది కాదు.

పోటీ రోజు పొద్దున కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, ఇక ఉండబట్టలేక బయటపెట్టేసింది.

"నేను కావాలని ఆపలేదే. దారం తెగింది, అందుకని ఆగింది. వెనక్కి తిరిగేసరికి అందరూ మెషిన్ల మీంచి చేతులు తీసేసి కూర్చున్నారు. నేను ఎదురుతిరిగాననుకున్నారు పాపం."

కూతురి మొహం కళ తప్పింది. "అయితే నేను రాసిందంతా అబద్ధమేనా అమ్మా?"

పిల్ల జవాబుకు ఆగకుండా చొక్కా అందుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు దాచినదాన్ని ఇంకొక్క పూట దాచుకోలేకపోయానా అని కాలరక్క తనను తానే తిట్టుకుంది. దాచుకుంటే మాత్రం, నలుగురి ముందు తన బిడ్డ నోట అబద్ధం పలికించి చప్పట్లు ఎలా వింటుంది?

హాలు కిక్కిరిసిపోయింది. కుట్టువరస ఆడవాళ్ళంతా ముందే వచ్చి ఒక బెంచీ మొత్తం ఆక్రమించారు. కాలరక్కను మధ్యలో కూర్చోబెట్టి, పెళ్ళికూతురులా ముడుచుకున్నావేమిటని ఆటపట్టించారు. ఆమెకు నవ్వే ఓపిక లేదు.

కూతురు వేదికెక్కింది. చేతిలో కాగితాలను మడిచి బల్ల మీద పెట్టేసింది. రాసినదాంట్లో ఒక తప్పు దొర్లిందని, దాన్ని దిద్దుకుని నోటితోనే చెబుతానని అంది. దారం తెగిన సంగతితోనే మొదలుపెట్టింది. కాలరక్కకు ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననిపించింది. పక్కనున్న పిన్ని వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

పిల్ల చెప్పడం ముగించాక జడ్జీల్లో పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. దారం తెగడం ప్రమాదం కదా, ఇందులో ధైర్యం ఎక్కడుందని అడిగాడు. సూటి ప్రశ్నే. పిల్ల తడబడలేదు.

"తెగడం ప్రమాదమేనండీ. సూపర్‌వైజరు వచ్చి అడిగినప్పుడు, దారం తెగిందండీ అంటే సరిపోయేది. ఆయన ఏమీ అనేవాడు కాదు, మా అమ్మ కుర్చీ అమ్మకే దక్కేది. అమ్మ ఆ మాట అనలేదు."

హాలు ఒక్కసారిగా చప్పట్లతో మారుమోగింది. కాలరక్క కళ్ళ ముందు వేదిక మసకబారింది. తన కడుపున పుట్టిన పిల్లేనా ఇది! నిజం చెబితే వ్యాసం పోతుందనుకుంది కానీ, నిజాన్ని భుజానికెత్తుకునే బిడ్డను కన్నానని అనుకోలేదు.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరికి వచ్చిందో ఆ బెంచీలో ఒక్కరూ పట్టించుకోలేదు. కూతురు కప్పు పట్టుకుని దిగివస్తుంటే, కాలరక్క ధైర్యం తెచ్చుకుని పిన్ని చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశానని గొణిగింది.

జేబుల పిన్ని మొదటిసారి గొంతు తగ్గించి, ఏ హంగూ లేకుండా మాట్లాడింది.

"నీ వెనకే కూర్చునేదాన్ని కదే, దారం తెగడం నేను చూడలేదనుకున్నావా? దారం ఎక్కించడం నీకెంతసేపు, కళ్ళు మూసుకుని ఎక్కిస్తావు. ఎక్కించలేదు. తెగిన కొస వేళ్ళతో పట్టుకుని, ఆ కొత్తపిల్ల వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయావు. అది చూశాకే నేను చేతులు తీశాను. నన్ను చూసి తక్కినవాళ్ళు తీశారు."

కాలరక్క నిలువునా కదిలిపోయింది. నిజమే, ఎక్కించలేదు. ఎందుకు ఎక్కించలేదో ఇన్నేళ్ళలో తనను తాను ఒక్కసారైనా అడగలేదు.

కూతురు కప్పు చంకలో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే ఇప్పుడు మళ్ళీ రాయాలా అమ్మా?"

"రాయి" అంది కాలరక్క, తలెత్తి.